పీర్ టు పీర్ నెట్‌వర్క్‌లలో ఫైలును వెతికే పద్ధతి

వెబ్‌లో వెతకడానికి అలవాటుపడినవారు పీర్ టు పీర్ నెట్‌వర్క్‌లోనూ అదే తీరులో నాలుగు మాటలు టైప్ చేసి, ఫలితం రాకపోతే ఆ ఫైలు ఎవరి దగ్గరా లేదని తీర్మానించుకుంటారు. చాలాసార్లు ఆ తీర్మానం తప్పు. వెబ్ సెర్చ్ ఇంజిన్ వెనుక ముందే సిద్ధం చేసుకున్న పెద్ద పట్టిక, అక్షరదోషాలను సరిదిద్దే యంత్రాంగం, ఒక మాటకు దగ్గరి మాటలను తనంతట తానే కలుపుకునే ఏర్పాటు ఉంటాయి. ఇక్కడ ఫైళ్లు వాడుకరుల సొంత కంప్యూటర్లలో, వారికి తోచిన పేర్లతో, ఆ కంప్యూటర్లు నెట్‌వర్క్‌లో ఉన్నంతసేపు మాత్రమే ఉంటాయి. మీరు అడిగిన మాట ఆ పేరులో ఉన్నదా లేదా అన్నదే దాదాపు మొత్తం లెక్క. అందువల్ల టైప్ చేయడానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: మీరు అడిగేదానికి జవాబు చెప్పేది ఎవరు? ఒక సర్వరా, పక్కనున్న కంప్యూటర్లా, ఆ మాట బాధ్యతను మోస్తున్న ఏదో ఒక నోడా (నెట్‌వర్క్‌లో కలిసి ఉన్న ఒక కంప్యూటరా), లేక ఎవరూ కాదా? ఇది తెలిస్తే ఏ మాటలు వాడాలో, ఎంతసేపు ఆగాలో, ఫలితం రాకపోతే దానికి అర్థమేమిటో తెలుసుకోవడం కష్టం కాదు.

జవాబు చెప్పేది ఎవరు

అన్నింటికంటే సులువైనది సర్వర్ పద్ధతి. 1999 జూన్‌లో వచ్చిన నాప్‌స్టర్ ఈ తీరులోనే పనిచేసింది: ప్రతి వాడుకరి తన దగ్గరున్న పాటల జాబితాను కేంద్ర సర్వర్‌కు అప్పగించేవాడు, వెతికేవాడు ఆ సర్వర్‌నే అడిగేవాడు, పాట మాత్రం ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి నేరుగా వెళ్లేది. జాబితా ఒక్కచోటే ఉన్నందున జవాబు వెంటనే వచ్చేది. అదే కారణంగా, కోర్టు ఉత్తర్వు వల్ల 2001 జూలైలో ఆ సర్వర్లు ఆగిపోగానే నెట్‌వర్క్ మొత్తం ఆగిపోయింది. ఈడాంకీ నెట్‌వర్క్‌లోనూ సర్వర్లే జాబితా ఉంచుతాయి. అయితే అక్కడ ఒకటి కాదు, అనేక సర్వర్లు ఉంటాయి. మీరు కలిసి ఉన్న సర్వర్‌ను మాత్రమే అడగడం ఒకటి, జాబితాలోని సర్వర్లన్నింటినీ వరుసగా అడగడం మరొకటి. ఆ నెట్‌వర్క్‌ను వాడే ఈమ్యూల్ ప్రోగ్రామ్‌లో రెండోదాన్ని గ్లోబల్ అన్వేషణ అంటారు. మొదటిది క్షణాల్లో ముగుస్తుంది, రెండోది నెమ్మదిగా సాగుతుంది. అరుదైన ఫైలు కోసం వెతికేటప్పుడు రెండోదాన్ని ముగిసేదాకా నడవనివ్వాలి.

సర్వర్ అసలే లేని పద్ధతికి 2000 మార్చిలో వెలువడిన న్యూటెల్లా తొలి పెద్ద ఉదాహరణ. మీ ప్రశ్న మీ పొరుగు కంప్యూటర్లకు వెళుతుంది, అవి తమ పొరుగువాటికి పంపుతాయి, అలా చేతులు మారుతూ సాధారణంగా 7 అంచెల వరకు పోయి ఆగిపోతుంది; ఫైలు ఉన్న కంప్యూటర్ జవాబు చెబితే, ప్రశ్న వచ్చిన దారినే అది వెనక్కి వస్తుంది. అంటే మీరు అడిగింది నెట్‌వర్క్ మొత్తాన్ని కాదు, మీ చుట్టూ కొంత దూరంలో ఉన్నవారిని మాత్రమే. ఎనిమిదో అంచెలో ఉన్న ఫైలు మీ దృష్టికి రాదు. తరువాతి కాలంలో బలమైన కనెక్షన్ ఉన్న కంప్యూటర్లను అల్ట్రాపీర్లుగా పెట్టి, చిన్న కంప్యూటర్ల దగ్గర ఏ మాటలున్నాయో సంక్షిప్త పట్టికగా ముందే వాటికి ఇచ్చే ఏర్పాటు చేయడంతో ప్రశ్నల వరద తగ్గింది కానీ, హద్దు మాత్రం పోలేదు. ఇటువంటి నెట్‌వర్క్‌లో ఫలితం రాకపోతే ఒకసారి డిస్కనెక్ట్ అయి మళ్లీ కనెక్ట్ కావడం నిజంగానే పనిచేస్తుంది, ఎందుకంటే రెండోసారి మీ పొరుగువారు మారిపోతారు.

డైరెక్ట్ కనెక్ట్ హబ్బులు (వాడుకరులు వచ్చి చేరే సర్వర్లు), ఎక్కువగా పాటలు పంచుకునే సోల్‌సీక్ వంటివి ఈ రెండింటికీ మధ్యస్థం. డైరెక్ట్ కనెక్ట్‌లో మీ ప్రశ్నను హబ్ తనలో ఉన్న వాడుకరులందరికీ చేరవేస్తుంది, ఫైలు ఉన్నవారి ప్రోగ్రామ్ జవాబు పంపుతుంది. కాబట్టి ఏ హబ్‌లో చేరారన్నదే అక్కడ ముఖ్యం. విషయానికి తగిన చిన్న హబ్ ఒకటి, సంబంధం లేని పెద్ద హబ్బులు పదింటికంటే మేలు. వెంటవెంటనే వెతికితే హబ్ ఒప్పుకోదు కనుక ఒక ప్రశ్నకు, మరో ప్రశ్నకు మధ్య కొంత వ్యవధి ఇవ్వాలి. సోల్‌సీక్ గురించి కింద మరోచోట చెబుతాను.

ఒక మాటకు ఒక నోడు

ఈమ్యూల్‌లోని క్యాడ్ నెట్‌వర్క్ వీటన్నింటికంటే భిన్నమైనది, కొంచెం శ్రద్ధగా అర్థం చేసుకోదగినది. దీనికి మూలం 2002లో పెటార్ మేమౌంకోవ్, డేవిడ్ మజియెర్ ప్రతిపాదించిన క్యాడెమ్లియా. ఇందులో ప్రతి కంప్యూటర్‌కు ఒక పెద్ద సంఖ్య గుర్తింపుగా ఉంటుంది. ఫైలు పేరులోని ప్రతి మాటను హ్యాష్ చేస్తే (ఒక నిర్ణీత లెక్కలో పెడితే) అదీ అదే కొలతలో ఒక సంఖ్య అవుతుంది. ఆ సంఖ్యకు దగ్గరి గుర్తింపు ఉన్న కంప్యూటర్లు ఆ మాట బాధ్యతను మోస్తాయి: ఆ మాట పేరులో ఉన్న ఫైళ్లన్నీ వాటి దగ్గర నమోదవుతాయి. మీరు వెతికినప్పుడు మీ ప్రోగ్రామ్ ఆ మాట సంఖ్యను లెక్కగట్టి, దానికి దగ్గరగా ఉన్న నోడు ఎవరని తనకు తెలిసినవారిని అడుగుతుంది; వారు ఇంకా దగ్గరివారిని చూపిస్తారు. ఒక్కో అడుగుకు దూరం కనీసం సగానికి తగ్గుతుంది కాబట్టి, 10 లక్షల కంప్యూటర్లున్నా 20 అడుగులకు మించి పట్టదు.

ఈ యంత్రాంగం నుంచి వెతికేవారికి నేరుగా పనికివచ్చే సూత్రాలు పుడతాయి. మీరు ఎన్ని మాటలు టైప్ చేసినా, బాధ్యుడైన నోడును పట్టుకోవడానికి ఈమ్యూల్ మొదటి మాటనే వాడుతుంది. మిగిలిన మాటలు ఆ నోడు దగ్గర వడపోతకు మాత్రమే పనికివస్తాయి. అందువల్ల మొదటి మాట అన్నింటికంటే అరుదైనది కావాలి. దాన్ని పూర్తిగా, అక్షరం పొల్లుపోకుండా రాయాలి. ఎందుకంటే సగం మాట హ్యాష్‌కు, పూర్తి మాట హ్యాష్‌కు ఏ పోలికా ఉండదు. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. లైనక్స్ పంపిణీ అయిన డెబియన్ ఇన్‌స్టాలేషన్ ఫైలు పేరు ఇలా ఉంటుంది: డెబియన్-12.5.0-ఏఎండీ64-నెట్‌ఇన్‌స్ట్.ఐఎస్ఓ. (ఇక్కడ తెలుగులో రాసినా, వెతికేటప్పుడు ఇటువంటి పేర్లను రోమన్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.) క్యాడ్ ఈ పేరును హైఫన్, చుక్క, అండర్‌స్కోర్, బ్రాకెట్ వంటి గుర్తుల దగ్గర ముక్కలు చేస్తుంది. అప్పుడు డెబియన్, 12, 5, 0, ఏఎండీ64, నెట్‌ఇన్‌స్ట్, ఐఎస్ఓ అని 7 ముక్కలు వస్తాయి. 3 బైట్లకు తక్కువ ఉన్న ముక్కలను అది నమోదు చేయదు కనుక 12, 5, 0 కనిపించకుండా పోతాయి. చివర వచ్చే 3 అక్షరాల ముక్కను ఫైలు రకంగా భావించి వదిలేస్తుంది కనుక ఐఎస్ఓ కూడా నమోదు కాదు. డెబియన్ అన్న మాట నమోదవుతుంది కానీ, చాలా ఫైళ్లలో ఉంటుంది. ఒక అన్వేషణలో ఈమ్యూల్ సేకరించే ఫలితాలు దాదాపు 300 దగ్గర ఆగిపోతాయి కాబట్టి, దానితో మొదలుపెడితే మీకు కావలసిన ఫైలు ఆ 300లో లేకపోవచ్చు. నెట్‌ఇన్‌స్ట్ మొదట, డెబియన్ తరువాత రాస్తే, అదే ఫైలు ఫలితాల్లో పైకి వస్తుంది. మాటలు అవే. వరుస మాత్రమే మారింది.

ఈ 3 బైట్ల నియమం తెలుగు లిపిలో పేరున్న ఫైళ్లకు అడ్డం కాదు; యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతిలో తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కొక్కటే 3 బైట్లు తీసుకుంటుంది. అసలు చిక్కు వేరే చోట ఉంది. తెలుగు పుస్తకానికో పాటకో పేరు పెట్టేవారిలో చాలామంది రోమన్ లిపిలోనే రాస్తారు, దీర్ఘాన్ని ఒకరు రెండు అక్షరాలతో, మరొకరు ఒకే అక్షరంతో రాస్తారు. యంత్రానికి ఆ రెండూ రెండు వేరు మాటలు. కాబట్టి ఉచ్చారణ ఒకటే అయినా, రాయడానికి వీలున్న ప్రతి రూపంతోనూ విడివిడిగా వెతకాలి.

మాటల ఎంపిక

ఏ నెట్‌వర్క్‌లోనైనా గుర్తుంచుకోవలసింది ఒక్కటే: మీకు ఆ ఫైలు గురించి తెలిసినది రాయకండి, దాన్ని పెట్టినవాడు పేరులో ఏం రాసి ఉంటాడో అది రాయండి. వాక్యాలు, ప్రశ్నలు, ‘కావాలి’, ‘ఉచితం’ వంటి మాటలు పేర్లలో ఉండవు, ఉంటే అనుమానించాలి. పేర్లలో సాధారణంగా ఉండేవి విశేషనామాలు, సంవత్సరాలు, వెర్షన్ సంఖ్యలు, ఫైలు రకాన్ని సూచించే పొట్టి అక్షరాలు. రెండు, మూడు మాటలతో మొదలుపెట్టి, ఫలితాలు మరీ ఎక్కువైతే ఒక్కొక్కటి చేర్చండి. ఒకేసారి ఏడెనిమిది మాటలు పెడితే వాటిలో ఏ ఒక్కటి పేరులో లేకపోయినా జవాబు సున్నా. పేరులో మాటల మధ్య ఖాళీకి బదులు చుక్కో గీతో ఉంటుందేమోనన్న బెంగ పెట్టుకోనక్కర్లేదు, చాలా ప్రోగ్రామ్‌లు వాటిని ఒకటిగానే చూస్తాయి.

వద్దనుకున్నదాన్ని తీసేయడానికి మాట ముందు మైనస్ గుర్తు పెట్టడం సోల్‌సీక్‌లోనూ, ఈమ్యూల్‌లోనూ పనిచేస్తుంది. ఒక పాట అసలు రికార్డింగ్ కావలసి ఉండి, ఫలితాల నిండా రీమిక్సులే కనిపిస్తే, మైనస్ పెట్టి రీమిక్స్ అని రాస్తే చాలు. ఈమ్యూల్‌లో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన మాటలను అదే వరుసలో వెతకమని కూడా చెప్పవచ్చు. అయితే నా అనుభవంలో ఈ హంగులన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడేది పరిమాణపు వడపోత. వెతుకుతున్నది సినిమా అయితే కనీస పరిమాణం కొన్ని వందల మెగాబైట్లు అని, పాఠ్యపుస్తకమైతే గరిష్ఠ పరిమాణం 100 మెగాబైట్లు అని పెట్టినంత మాత్రాన చెత్తలో సగానికి పైగా తొలగిపోతుంది. ఫైలు రకాన్ని కూడా ఎంచుకోవచ్చు కానీ, సంకుచితంగా ఎంచుకుంటే జిప్‌లోనో రార్‌లోనో కట్టిపెట్టిన అసలు ఫైలు తప్పిపోతుంది.

సోల్‌సీక్‌లో మరో వెసులుబాటు ఉంది. అక్కడ మీ మాటలను ఫైలు పేరుతోనే కాక, అది ఉన్న ఫోల్డర్ల పేర్లతో సహా మొత్తం దారితో పోల్చుతారు. అందువల్ల గాయకుడి పేరు ఫోల్డర్‌లోనూ, పాట పేరు ఫైలులోనూ ఉన్నా రెండు మాటలూ కలిపి వెతకవచ్చు. ఒక ఫలితం సరైనదిగా కనిపిస్తే దాన్ని దించుకుని ఊరుకోకుండా, ఆ వాడుకరి పంచుకున్న ఫోల్డర్లను తెరిచి చూడండి. ఒక అరుదైన రికార్డింగ్‌ను దాచుకున్నవారి దగ్గర దానికి తోబుట్టువుల వంటివి మరికొన్ని ఉంటాయి, వాటి పేర్లు మీకు తెలియవు కనుక మీరు ఎన్నటికీ వెతికి ఉండేవారు కాదు. పుస్తకాల అలమరలో ఒక పుస్తకం కోసం చెయ్యిపెట్టి పక్కదాన్ని పట్టుకున్నట్టే ఇది. పీర్ టు పీర్‌లో నాకు అన్నింటికంటే నచ్చిన పద్ధతి కూడా.

ఫలితాలను చదవడం

జాబితా వచ్చాక పేరును చివరగా చూడండి. ముందు పరిమాణం, తరువాత సోర్సుల సంఖ్య (ఆ ఫైలు ఎంతమంది దగ్గర ఉందో), ఆ తరువాత పేరు. ఎందుకంటే పేరు ఎవరైనా ఏదైనా పెట్టగలరు. న్యూటెల్లా బాగా నడిచిన కాలంలో వైరస్ పట్టిన కొన్ని కంప్యూటర్లు వచ్చిన ప్రశ్నను అలాగే తిప్పి, దానినే ఫైలు పేరుగా చేసి జవాబు పంపేవి. మీరు ‘శీతాకాలం పక్షుల వలస’ అని అడిగితే, సరిగ్గా అదే వరుసలో అవే మాటలతో ఒక ఫైలు, కొన్ని వందల కిలోబైట్ల పరిమాణంతో, క్షణంలో ప్రత్యక్షమయ్యేది. మనుషులు పెట్టిన పేరు మీరు అడిగిన మాటల వరుసతో అంత కచ్చితంగా కలవడం అరుదు. అనుమానం వస్తే తేల్చుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది: అర్థం లేని అక్షరాలు పది కలిపి వెతకండి. దానికి కూడా ‘ఉంది’ అని జవాబు చెప్పిన కంప్యూటర్ ఏది అడిగినా ఉందనే చెబుతుంది. దాన్ని నిరోధించి అసలు అన్వేషణ మళ్లీ చేయండి.

ఈమ్యూల్‌లో పేరును పరీక్షించడానికి ఇంతకంటే మంచి సాధనం ఉంది. ఆ నెట్‌వర్క్‌లో ఫైలుకు గుర్తింపు పేరు కాదు, దానిలోని విషయం నుంచి లెక్కగట్టిన హ్యాష్. ఒకే విషయం ఉన్న ఫైలును పదిమంది పది పేర్లతో ఉంచుకున్నా హ్యాష్ ఒకటే. దించుకోవడం మొదలుపెట్టి ఫైలు వివరాల్లోకి వెళితే, మిగిలినవారు అదే ఫైలును ఏయే పేర్లతో ఉంచుకున్నారో కనిపిస్తుంది. పది పేర్లూ ఒకే పుస్తకాన్ని రకరకాలుగా చెబుతుంటే నమ్మవచ్చు. ఒకటి పుస్తకం పేరు, ఇంకొకటి సాఫ్ట్‌వేర్ పేరు, మూడోది ఏదో సినిమా పేరు అయితే, జనాన్ని మోసగించడానికి ఎవరో ఒకే ఫైలును వేరువేరు వేషాల్లో తిప్పుతున్నారని అర్థం. అక్కడే ఇతరులు రాసిన వ్యాఖ్యలు, ఇచ్చిన రేటింగు కూడా ఉంటాయి. అవి లేకపోవడం పెద్ద విషయం కాదు కానీ, ‘నకిలీ’ అని ఇద్దరు ముగ్గురు రాసి ఉంటే వదిలేయడమే మంచిది.

సోర్సుల సంఖ్యను నమ్మడంలోనూ కాస్త నిగ్రహం అవసరం. ఎక్కువ సోర్సులుంటే వేగంగా వస్తుందన్నది నిజమే కానీ, అది ఫైలు అసలైనదనడానికి రుజువు కాదు. నకిలీని తెలియక దించుకుని తీసేయనివారందరూ అందులో లెక్కే. పుస్తకమో పాటో చిత్రమో కావలసినచోట ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్ వంటి నడిచే ఫైలు వస్తే, పేరు చివర రెండు ఎక్స్‌టెన్షన్లు ఉంటే, తెరవడానికి వేరే ప్లేయరో పాస్‌వర్డో కావాలంటే, ఇంకేమీ చూడకుండా తీసేయండి. విండోస్ ఎక్స్‌టెన్షన్లను మామూలుగా దాచిపెడుతుంది కనుక వాటిని చూపించే అమరికను ముందుగానే ఆన్ చేసుకోవాలి.

హ్యాష్ చేతికి వచ్చాక

పేరుతో వెతకడం అన్నది నిజానికి హ్యాష్‌ను సంపాదించే దాకానే. అది దొరికాక మళ్లీ పేరు జోలికి పోనక్కర్లేదు. సరైన ఫైలు హ్యాష్ తెలిసినవారు మీకు లింకు ఇస్తే, అన్వేషణ అనే దశనే దాటేయవచ్చు. అందుకే పొడవును బట్టి ఏ హ్యాష్ ఏ నెట్‌వర్క్‌దో గుర్తుపట్టడం నేర్చుకోవడం లాభసాటి. ఈడాంకీ లింకులో పేరు, బైట్లలో పరిమాణం, ఆ తరువాత 32 అక్షరాల ఎండీ4 హ్యాష్ నిలువు గీతల మధ్య ఉంటాయి. డైరెక్ట్ కనెక్ట్‌లో వాడే టైగర్ ట్రీ హ్యాష్‌కు 39 అక్షరాలు; దాన్ని అన్వేషణ పెట్టెలో వేసి, రకం టీటీహెచ్ అని ఎంచుకుంటే, పేరు ఏదైనా అదే ఫైలు ఉన్నవారు మాత్రమే జవాబిస్తారు. బిట్‌టొరెంట్ తొలి వెర్షన్ ఇన్ఫోహ్యాష్ (టొరెంట్ గుర్తింపు) 40 అక్షరాల ఎస్‌హెచ్ఏ-1. ఐపీఎఫ్ఎస్ అనే నెట్‌వర్క్‌లో గుర్తింపు పాత పద్ధతిలో 46 అక్షరాలు. ఆ నెట్‌వర్క్‌లో పేరుతో వెతకడానికి లోపల ఏ ఏర్పాటూ లేదు, గుర్తింపు తెలిస్తేనే ఫైలు.

సాఫ్ట్‌వేర్ విషయంలో హ్యాష్ సరిపోయిందన్నది చాలదు, ఆ హ్యాష్ ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ చూడాలి. 2017లో పరిశోధకులు వేరువేరు విషయంతో ఒకే ఎస్‌హెచ్ఏ-1 హ్యాష్ ఉన్న రెండు ఫైళ్లను చేసి చూపించారు. ఎండీ4 అంతకు చాలా ముందే బలహీనమని తేలింది. పై ఉదాహరణలోని ఫైలు దించుకున్నవారు డెబియన్ తన సైటులో ప్రకటించే ఎస్‌హెచ్ఏ-256 జాబితాతో, అంటే 64 అక్షరాల విలువతో, తమ ఫైలును పోల్చుకున్నాకే వాడుకోవాలి.

టొరెంట్ దగ్గర తీరు వేరు

2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్‌లో, మొదట చెప్పిన ప్రశ్నకు జవాబు ‘ఎవరూ కాదు’. ఆ ప్రోటోకాల్‌లో అన్వేషణ అనేదే లేదు. అది ఒక ఫైలును పంచుకుంటున్న గుంపులోకి మిమ్మల్ని చేర్చుతుంది, అంతే. ఆ గుంపు ఏదో మీరే చెప్పాలి. 2005 నుంచి ట్రాకర్ (గుంపులో ఎవరున్నారో చెప్పే సర్వర్) లేకుండా నడిపించే డీహెచ్‌టీ (ఆ వివరాలను వాడుకరుల కంప్యూటర్లలోనే పంచి ఉంచే పట్టిక) కూడా క్యాడెమ్లియా మీదే కట్టినదైనా, అందులో నమోదయ్యేది మాటలు కావు, ఇన్ఫోహ్యాష్‌లు. ‘ఈ హ్యాష్ ఉన్నవారు ఎవరు’ అని అడగవచ్చు, ‘ఈ పేరున్నది ఏది’ అని అడగలేము. కాబట్టి టొరెంట్ వాడుకరి పేరుతో వెతికే పనంతా నెట్‌వర్క్ బయట, సూచికలుంచే వెబ్‌సైట్లలో జరుగుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ తన దగ్గరున్న చాలా వస్తువులకు టొరెంట్ ఇస్తుంది, లైనక్స్ పంపిణీలు తమ సొంత పేజీల్లో పెడతాయి. కాపీహక్కు చిక్కులు లేని విషయానికి అటువంటి మూలం నుంచే మొదలుపెట్టడం అన్నివిధాలా తేలిక.

పలు సూచికలను ఒకేసారి అడగాలంటే క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ ప్రోగ్రామ్‌లో ఏర్పాటు ఉంది. వ్యూ మెనూలో సెర్చ్ ఇంజిన్‌ను ఆన్ చేయాలి, కంప్యూటర్‌లో పైథాన్ ఉండాలి, ఒక్కో సైటుకు ఒక్కో ప్లగిన్ చేర్చుకోవాలి. ఫలితాలన్నీ ఒకే పట్టికలో వస్తాయి, సీడర్ల (పూర్తి ఫైలు ఉండి పంచుతున్నవారి) సంఖ్యను బట్టి, పరిమాణాన్ని బట్టి వడపోయవచ్చు. ప్లగిన్ అంటే మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామే కనుక ఊరూపేరూ తెలియని చోట నుంచి తెచ్చి పెట్టకండి. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో పుట్టిన ట్రిబ్లర్ అనే టొరెంట్ ప్రోగ్రామ్, అన్వేషణ లేదన్న లోటును మరో విధంగా తీర్చాలని చూస్తుంది: అది మీ మాటలను తోటి వాడుకరుల ప్రోగ్రామ్‌లనే అడుగుతుంది.

సూచికలో కనిపించే సీడర్ల సంఖ్య ఎప్పటిదో చెప్పలేము. దాన్ని చూసి ఆశపడడమో నిరాశపడడమో కాకుండా, మాగ్నెట్ లింకును క్లయింట్‌లో (మీ టొరెంట్ ప్రోగ్రామ్‌లో) వేసి కొంతసేపు ఉంచండి. మాగ్నెట్ లింకులో ఉండేది ప్రధానంగా ఇన్ఫోహ్యాష్, దానితోపాటు చూపించడానికి ఒక పేరు, కొన్ని ట్రాకర్ల చిరునామాలు; ఫైళ్ల జాబితాను గుంపులో ఉన్నవారి నుంచే తెచ్చుకోవాలి. ఆ జాబితా కనిపించిందంటే కనీసం ఒక కంప్యూటర్ జవాబిచ్చినట్టే. అప్పుడు దించుకోవడం మొదలుపెట్టకముందే లోపలి ఫైళ్ల పేర్లు, పరిమాణాలు చదివి, అనవసరమైనవాటి టిక్కు తీసేయవచ్చు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. బిట్‌టొరెంట్ తొలి వెర్షన్‌లో ఇన్ఫోహ్యాష్ కేవలం ఫైలు విషయం నుంచి రాదు. ఫైలు పేరు, ముక్కల పరిమాణం వంటివీ అందులో కలుస్తాయి. అంటే అక్షరం తేడా లేని ఒకే ఫైలుకు ఇద్దరు విడివిడిగా టొరెంట్ చేస్తే హ్యాష్‌లు వేరు, గుంపులు వేరు. మీకు దొరికిన టొరెంట్‌లో సీడర్లు లేకపోతే ఫైలు పోయినట్టు కాదు. దానిలోని ఫైలు పరిమాణాన్ని బైట్లతో సహా రాసుకుని, అదే పరిమాణంతో వేరే టొరెంట్ ఉందేమో చూడండి. ఉంటే, సగంలో ఆగిన మీ ఫైలును దాని ఫోల్డర్‌లో పెట్టి, రీచెక్ చేయమని క్లయింట్‌కు చెబితే, సరిపోయిన ముక్కలన్నింటినీ అది ఉంచుకుని మిగిలినవి మాత్రమే తెచ్చుకుంటుంది. ఏమీ సరిపోకపోతే అది వేరే ఫైలని తేలిపోతుంది. దీనికి ముందు పాత ఫైలుకు ఒక నకలు తీసి పక్కన పెట్టుకోవడం మరిచిపోకండి.

ఫలితం రానప్పుడు

మాటలు మార్చడానికి ముందు మీ కనెక్షన్‌ను అనుమానించండి. ఈమ్యూల్‌లో లో ఐడీ చూపించినా, క్యాడ్ ‘ఫైర్‌వాల్డ్’ అన్నా, డైరెక్ట్ కనెక్ట్‌లో పాసివ్ మోడ్‌లో ఉన్నా, బయటివారు మీ కంప్యూటర్‌ను నేరుగా చేరలేకపోతున్నారని అర్థం. పాత డైరెక్ట్ కనెక్ట్ పద్ధతిలో పాసివ్‌గా ఉన్న ఇద్దరు ఒకరి నుంచి ఒకరు ఫైలు తీసుకోనేలేరు. రౌటర్‌లో ఆ ప్రోగ్రామ్ పోర్టును మీ కంప్యూటర్‌కు ఫార్వర్డ్ చేయడమో, యూపీఎన్‌పీని (ఆ పనిని ప్రోగ్రామే రౌటర్‌తో చేయించుకునే ఏర్పాటును) ఆన్ చేయడమో చేశాక అదే ప్రశ్న మళ్లీ అడిగి చూడండి. కొత్తగా క్యాడ్‌లో చేరినవారైతే కొన్ని నిమిషాలు ఆగాలి, పరిచయమైన నోడులు లేకుండా ఎవరినీ అడగలేరు.

అది సవ్యంగా ఉంటే సమయం మార్చండి. ఫైలు ఉన్న మనిషి నిద్రపోతూ ఉండవచ్చు, అతడి కంప్యూటర్ వారాంతాల్లో మాత్రమే నడుస్తూ ఉండవచ్చు. సోల్‌సీక్‌లో విష్‌లిస్ట్ అనే జాబితాలో మాటలు ఉంచితే ప్రోగ్రామ్ తానే కొంత వ్యవధికి ఒకసారి వెతుకుతూ ఉంటుంది. మిగిలినచోట్ల ఆ పని మీరే, రోజులో వేరువేరు వేళల్లో చేయాలి.

వెతికేటప్పుడు మీరూ కనబడుతున్నారన్న ఎరుక ఉండాలి. సర్వర్ మీ మాటలను చదువుతుంది, న్యూటెల్లాలో దారిలోని ప్రతి కంప్యూటర్ చదవగలదు, టొరెంట్ గుంపులో అందరికీ మీ ఐపీ చిరునామా తెలుస్తుంది. అంతకంటే ప్రమాదకరమైనది మీరు పంచుతున్న ఫోల్డర్. దించుకున్నవి చేరే ఫోల్డర్‌కు బదులు డాక్యుమెంట్స్ ఫోల్డర్ మొత్తాన్ని తెలియక పంచినవారి లేఖలు, ఖాతాల వివరాలు ఇతరుల అన్వేషణల్లో బయటపడ్డాయి. మొదటి అన్వేషణకు ముందే ఆ అమరికను తెరిచి, అందులో ఏముందో కళ్లారా చూసుకోండి.

ఫైలు సరైనదని తేలాక దాని పేరును కూడా ఒకసారి చూడండి, రేపు మరొకరి అన్వేషణకు జవాబు చెప్పేది మీ కంప్యూటరే. ఈమ్యూల్‌లో పేరు మార్చినా హ్యాష్ మారదు. తప్పు అక్షరాలతో వచ్చినదానికి విశేషనామం, సంవత్సరం, వెర్షన్ ఉండేలా పేరు పెడితే, ప్రోగ్రామ్ దాన్ని క్యాడ్‌లో ఆ మాటల కింద నమోదు చేసి, సుమారు 24 గంటలకు ఒకసారి ఆ నమోదును కొత్తది చేస్తూ ఉంటుంది. టొరెంట్‌లో మాత్రం ఫోల్డర్‌లోకి వెళ్లి పేరు మార్చకూడదు, అలా చేస్తే క్లయింట్ ఫైలు కనిపించడం లేదని సీడింగ్ ఆపేస్తుంది. మార్చక తప్పకపోతే క్లయింట్‌లోని ఫైళ్ల జాబితాలో ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి రీనేమ్‌ను వాడాలి.